పళ్లెంలో అన్నమెంత? పెట్టెలో మాత్రలేవి?

కీటో అనగానే ఈ రోజుల్లో గురుగ్రామ్ జిమ్ములు, నోయిడా అపార్ట్‌మెంట్లకు డబ్బాలు పంపే వంటశాలలు గుర్తుకొస్తాయి. ఢిల్లీలో ఆ ఆహారాన్ని తూకం వేసి, లెక్క రాసి, పద్ధతిగా పరీక్షించిన చోటు మాత్రం ఎయిమ్స్‌లోని పిల్లల నరాల వైద్య విభాగం. ఎన్ని మందులు మార్చినా ఆగని ఫిట్స్‌తో బాధపడుతున్న 102 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పిండిపదార్థం బాగా తగ్గించి, కొవ్వు పెంచిన ‘మాడిఫైడ్ అట్కిన్స్’ అనే కీటో తరహా ఆహారం పెట్టారు. రెండో జట్టు మామూలు తిండే తింది. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఫిట్స్ సగానికి పైగా తగ్గినవాళ్లు మొదటి జట్టులో 52 శాతం, రెండో జట్టులో 11.5 శాతం. అక్కడి వైద్యులే ఆ తర్వాత అసలు కీటోను, మాడిఫైడ్ అట్కిన్స్‌ను, చక్కెరను నెమ్మదిగా పెంచే మరో ఆహారాన్ని 170 మంది పిల్లల్లో పక్కపక్కన పెట్టి పోల్చి 2020లో ప్రచురించారు.

కీటో పుట్టిందే మూర్ఛ కోసం. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ దానికి ఆ పేరు పెట్టాడు. నూరేళ్లుగా అది ఆస్పత్రుల్లో మందుతో సమానంగా నడిచింది: ఎవరికి పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏ పరీక్షలు చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నీ రాసిపెట్టుకుని. షుగర్ వ్యాధికి వచ్చేసరికి అదే ఆహారం యూట్యూబ్ వీడియోగా, పొరుగింటి సలహాగా మారిపోయింది. ఆహారం బలమైనదే. బలమైనది కాబట్టే దాన్ని ఇలా చేతికందినట్టు వాడటం ఆందోళన కలిగిస్తుంది.

షుగర్‌ను అంత తేలిగ్గా తీసుకోగల ఊరు కూడా కాదు ఢిల్లీ. 2010-11లో ఢిల్లీ, చెన్నై, కరాచీ నగరాల్లో ‘క్యారస్’ అనే పెద్ద సర్వే జరిగింది. ఇరవయ్యేళ్లు దాటినవారిలో మధుమేహం చెన్నైలో 22.8 శాతం, కరాచీలో 16.3 శాతం ఉంటే, ఢిల్లీలో 25.2 శాతం ఉంది. నలుగురిలో ఒకరు. ఐసీఎంఆర్ నిధులతో జరిగిన ‘ఇండియాబ్’ సర్వే 2023లో దేశం మొత్తానికి లెక్క తేల్చింది: షుగర్ ఉన్నవారు 10.1 కోట్లు, ఆ అంచున నిలబడినవారు మరో 13.6 కోట్లు.

ఢిల్లీలోనే జరిగిన మరో అధ్యయనాన్ని ఇక్కడి తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాలి. 1969 నుంచి 1972 దాకా దక్షిణ ఢిల్లీలో ఒక ప్రాంతంలో పుట్టిన పిల్లల బరువు, పొడవు నమోదు చేస్తూ, వాళ్లు పెద్దయ్యేదాకా వెంబడించారు డాక్టర్ ఎస్.కె. భార్గవ, డాక్టర్ హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్ బృందం. 2004లో వచ్చిన వారి పత్రం చెప్పిందేమిటంటే, పసితనంలో సన్నగా ఉండి, రెండేళ్ల తర్వాత నుంచి ఎత్తుకు తగినదానికన్నా వేగంగా ఒళ్లు చేసినవాళ్లకే పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువ. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు లావు పిల్లలేం కాదు. చూడటానికి సన్నగానే ఉండి పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు పేరుకునే ఒంటితీరు మనది. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటగానే అధిక బరువంటారు, 25 దాటితే ఊబకాయం అంటారు. “నేను లావు లేనుగా” అనే ధైర్యం ఇక్కడ చెల్లదు.

అలాంటి ఒంట్లోకి రోజూ వెళ్తున్నదేమిటి? అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ భోజనాన్నే తీసుకుందాం. ఢిల్లీ అంతా వరసలో నిలబడి తినే భోజనం అది. పూరీ, అన్నం, పప్పు, సాంబారు, రసం, వేపుడు, పెరుగు, ఓ తీపి. అడిగినంత అన్నం. పొడి, నెయ్యి వేసుకుంటే ఇంకో చారెడు దానంతటదే దిగుతుంది. నూరు గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే. నూటయాభై గ్రాముల బియ్యం వండిన అన్నం ఒక పూట తింటే, పూరీ, తీపి లెక్కలోకి రాకముందే 115 గ్రాములు దాటేస్తుంది. కీటోలో రోజు మొత్తానికి ఉన్న హద్దు 20 నుంచి 50 గ్రాములు. ఇందులో ఆంధ్రా భవన్ తప్పేమీ లేదు. రాజ్మా చావల్, ఛోలే భటూరే, ఆలూ పరాఠా తినే ఇరుగుపొరుగు పళ్లెం లెక్క కూడా ఇంచుమించు ఇదే.

పిండిపదార్థాన్ని అంతగా తగ్గిస్తే ఒంట్లో జరిగే మార్పు సులభంగానే అర్థమవుతుంది. తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కణాల్లోకి పంపడానికి క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. షుగర్ ఉన్నవారిలో ఆ ఇన్సులిన్ చాలదు, లేదా ఉన్నది సరిగా పనిచేయదు. లోపలికి వచ్చే గ్లూకోజే తగ్గితే, ఉన్న ఇన్సులిన్‌తోనే పని జరుగుతుంది. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించుకుని, దాని నుంచి కీటోన్లు తయారుచేసుకుని మెదడుకు, కండరాలకు అందిస్తుంది. గ్లైకోజెన్‌తోపాటు నీరు, ఉప్పు కూడా బయటికి పోతాయి. మొదటి వారంలోనే తూకం మూడు కిలోలు తగ్గిందని సంబరపడేవారు గమనించాల్సిన సంగతి ఇది. అందులో చాలా భాగం నీరే.

తెలుగునాట ఈ ఆలోచన ఇంటింటికీ చేరింది వీరమాచనేని రామకృష్ణ వల్ల. 2018 ప్రాంతంలో విజయవాడ నుంచి అమెరికా దాకా ఏ తెలుగు ఇంట్లో విన్నా వీఆర్‌కే డైట్ మాటే. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, రొట్టె, పంచదార, పప్పులు, పళ్లు బంద్. ఆయన వైద్యుడు కాదు. టీవీ చర్చల్లో వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆయన సభలకు జనం మాత్రం తగ్గలేదు. ఢిల్లీ తెలుగు ఇళ్లలోనూ కొబ్బరినూనె సీసాలు వంటింటి నుంచి భోజనాల బల్ల మీదికి వచ్చాయి.

ఆ జనాన్ని అమాయకులని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఏళ్ల తరబడి మాత్రల సంఖ్య పెరగడమే తప్ప తగ్గడం చూడనివాళ్లకు, తగ్గవచ్చని ఒక మనిషి తెలుగులో, అర్థమయ్యేలా చెప్పాడు. ఆస్పత్రిలో అయిదు నిమిషాల ములాఖత్‌లో “అన్నం తగ్గించండి, నడవండి” అనే మాట తప్ప ఇంకేమీ వినని రోగికి ఆ మాట ఎంత విలువైనదో వైద్యులు గ్రహించలేదు. అయితే రోజుకు నూరు గ్రాముల కొబ్బరినూనె అంటే 80 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు మొత్తం కేలరీల్లో పది శాతం, అంటే 2000 కేలరీలు తినేవారికి దాదాపు 22 గ్రాములు. గుండెపోట్లు నలభైల్లోనే వస్తున్న దేశంలో దీన్ని పక్కన పెట్టలేం.

ఇక పరిశోధనలు ఏమన్నాయి? కీటోకు అందరికన్నా బలంగా మద్దతిచ్చేవారు చూపించేది అమెరికాలోని ఇండియానాలో డాక్టర్ సారా హాల్‌బర్గ్ బృందం చేసిన పని. షుగర్ ఉన్న 262 మందికి కీటో పెట్టి, ఫోన్ ద్వారా రోజూ వెన్నంటి ఉండి, మందులు ఎప్పటికప్పుడు సరిచేస్తూ వచ్చారు. ఏడాదికి మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 7.6 నుంచి 6.3కి దిగింది. బరువు పన్నెండు శాతం తగ్గింది. ఇన్సులిన్ తీసుకునేవారిలో 94 శాతం మందికి దాని మోతాదు తగ్గింది, లేదా పూర్తిగా ఆగింది. ఫలితం గొప్పదే. కాకపోతే అందులో చేరినవాళ్లు తమంతట తాము కీటో ఎంచుకున్నవాళ్లు, చీటీ వేసి విడదీసిన జట్లు కావు. పైగా రోజూ వెంటపడి అడిగే వైద్యబృందం ఆ ఫలితంలో సగభాగం.

అన్ని ప్రయోగాలనూ కలిపి చూస్తే చిత్రం కాస్త మారుతుంది. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 23 ప్రయోగాలను, 1357 మందిని కలిపి లెక్కకట్టింది. ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 6.5 కిందికి దిగినవారు పిండిపదార్థం తగ్గించిన జట్లలో 57 శాతం, మిగతా ఆహారాల జట్లలో 31 శాతం. ఏడాది గడిచేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఆరు నెలలు పట్టుగా ఉండగలిగినవారిలో చాలామంది పెళ్లిళ్లు, పండగలు, ప్రయాణాల మధ్య ఏడాదంతా ఉండలేరు. 2022లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం ఒకే మనుషులకు కొన్నాళ్లు కీటో, కొన్నాళ్లు పప్పులు, పళ్లు, ముడిధాన్యాలు ఉండే మధ్యధరా తరహా ఆహారం పెట్టింది. షుగర్ రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. ట్రైగ్లిజరైడ్లు కీటోలో ఎక్కువ తగ్గాయి, చెడు కొలెస్టరాల్ మాత్రం కీటోలో పెరిగి, రెండోదాంట్లో తగ్గింది.

అన్నిటికన్నా కళ్లు తెరిపించేది బ్రిటన్‌లోని ‘డైరెక్ట్’ ప్రయోగం. రాయ్ టేలర్, మైక్ లీన్ నాయకత్వంలో 306 మందితో జరిగింది. వాళ్లలో సగం మందికి కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీల సూపులు, షేకులు మాత్రమే ఇచ్చారు. ఆ జట్టులో ఏడాదికి 46 శాతం మంది మందుల్లేకుండా షుగర్ నుంచి బయటపడ్డారు, రెండేళ్లకు 36 శాతం మంది అలాగే ఉన్నారు. ఏడాదిలో పదిహేను కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో ఏకంగా 86 శాతం మంది బయటపడ్డారు. ఆ షేకుల్లో సగానికి పైగా కేలరీలు పిండిపదార్థం నుంచే వచ్చాయి! అంటే అది కీటోకు ఆమడదూరం. అయినా షుగర్ తగ్గింది, ఎందుకంటే కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరిగింది. గ్లాస్గోలో దక్షిణాసియా మూలాలున్న పాతికమందితో ఇదే పద్ధతి ప్రయత్నించినప్పుడు అయిదుగురిలో ఇద్దరికి ఫలితం దక్కింది. మన ఒళ్లు దీనికి లొంగదనే మాటకు ఆధారం లేదు.

దీన్నిబట్టి తేలేదేమిటి? అన్నం తగ్గించగానే రక్తంలో చక్కెర తగ్గడం ఒక పని. కాలేయం కొవ్వు కరిగి వ్యాధే వెనక్కి తగ్గడం మరో పని. మొదటిది కీటో వారం రోజుల్లో చేసి చూపిస్తుంది. రెండోది బరువు దిగితేనే జరుగుతుంది, అది ఏ దారిలో దిగినా. వైద్యసంఘాలు 2021లో అంగీకరించిన నిర్వచనం ప్రకారం మందులన్నీ ఆపిన మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటేనే దాన్ని ఉపశమనం అంటారు. నయమైందని ఎవరూ అనరు. బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి. అది అన్నం తగ్గించడంలో కన్నా, మాత్రలు మార్చకుండా తగ్గించడంలో ఉంది. మనదేశంలో షుగర్ రోగులు విస్తారంగా వాడే గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయిస్తాయి. పిండిపదార్థం ఒక్కసారిగా ఆపేసి ఇవి వేసుకుంటే షుగర్ పడిపోతుంది: చెమటలు, వణుకు, దడ, ఒక్కోసారి స్పృహ తప్పడం. ఇన్సులిన్ వేసుకునేవారికైతే ముప్పు ఇంకా ఎక్కువ. హాల్‌బర్గ్ బృందం ఈ మందులను ఆహారం మార్చేటప్పుడే తగ్గించుకుంటూ వచ్చింది.

రెండో ముప్పు ఇంకా మోసకారి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందులవి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో తీరిపోవడంతో ధరలు పడిపోయి, ఇప్పుడు సామాన్యుడి మందుల పెట్టెలోకీ వచ్చాయి. ఇవి వేసుకుంటూ కీటో మొదలుపెడితే, రెండూ ఒంటిని ఒకే దిక్కుకు నెడతాయి. కీటోన్లు హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారవచ్చు. గ్లూకోమీటర్ చూస్తే షుగర్ పెద్దగా ఎక్కువ కనిపించదు. రోగి వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో పడిపోయినా, ఇంట్లోవాళ్లు “షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది” అనుకుంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే దీనిపై హెచ్చరించింది. ఈ మాత్రలు వాడేవారికి కీటో వద్దని ఖండితంగా చెప్పాల్సిందే.

ఢిల్లీ ఎండలను కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి. మే, జూన్‌లో వేడి నలభై అయిదు డిగ్రీలకు చేరే ఊళ్లో, నీరు, ఉప్పు పోగొట్టే ఆహారం, మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్ర కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మొదలుపెట్టేవారు చలికాలం ఎంచుకోవడం తెలివైన పని. పైగా ఆ రోజుల్లో ఇక్కడి మండీల నిండా మెంతికూర, బతువా, పాలకూర, గోబీ, ముల్లంగి చవగ్గా దొరుకుతాయి.

టైప్ 1 షుగర్ ఉన్నవారి సంగతి వేరు. ఇన్సులిన్ దొరకని కాలంలో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు పిల్లలను దాదాపు పస్తులుంచి ప్రాణం నిలిపేవాడు. ఎముకల గూడులై కొన్నాళ్లు బతికేవాళ్లు. 1922 జనవరిలో టొరంటోలో మొదటి ఇన్సులిన్ సూది పడ్డాకే ఆ కథ మారింది. ఆహారం మార్చామని టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆపించడమంటే వాళ్లను ఆ చీకటి కాలానికి తిరిగి తోయడమే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కూడా కీటో తగదు.

మరి కీటోకు, రోజూ తినే తిండికి నడుమ దారి లేదా? ఉంది, దాన్ని చూపింది మన సర్వేలే. ఇండియాబ్ బృందం 2025లో ప్రచురించిన లెక్క ప్రకారం భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే, మాంసకృత్తులవి 12 శాతమే. అదే బృందంలోని డాక్టర్ ఆర్.ఎం. అంజన, డాక్టర్ వి. మోహన్ తదితరులు 2022లో 18,090 మంది ఆహారపు లెక్కలతో ఒక నమూనా కట్టారు. షుగర్ కొత్తగా బయటపడినవారు ఉపశమనం పొందాలంటే పిండిపదార్థం 49 నుంచి 54 శాతానికి దిగాలి, మాంసకృత్తులు 19-20 శాతానికి పెరగాలి అని అది సూచించింది. ఇది గణితం ఇచ్చిన అంచనా, మనుషుల మీద ప్రయోగం కాదు. అయినా దారి చూపడానికి చాలు.

2000 కేలరీలు తినే మనిషికి 62 శాతమంటే రోజుకు 310 గ్రాముల పిండిపదార్థం. 50 శాతమంటే 250. తేడా 60 గ్రాములు, అంటే మూడు రొట్టెలు. ఆ ఖాళీలో రెండు గుడ్లు, నూరు గ్రాముల పనీరు చేరితే మాంసకృత్తులు 30 గ్రాములు పెరుగుతాయి. మాంసం తినేవారికి తందూరీ చికెన్ ఉంది. వీధి సోయా చాప్ మాత్రం పేరుకే సోయా. చాలాచోట్ల అందులో మైదా కలుపుతారు.

ఢిల్లీ తెలుగువాళ్లలో పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని ఈ 2025 అధ్యయనం బలంగా కదిలించింది. షుగర్ రాగానే అన్నం మానేసి చపాతీకి, ఈమధ్య మిల్లెట్లకు మారడం మనకు అలవాటు. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమో, చిరుధాన్యమో అని మార్చుకున్నంత మాత్రాన ముప్పు తగ్గలేదని అందులో తేలింది. కేలరీల్లో అయిదు శాతం పిండిపదార్థం నుంచి పప్పుల, పాల మాంసకృత్తులకు మారినప్పుడే ముప్పు తగ్గింది. రాత్రి నాలుగు చపాతీలు తిని అన్నం మానేశామని నిశ్చింతగా ఉండేవారు ఈ మాట రెండుసార్లు చదవాలి.

చిన్న మార్పులూ పనిచేస్తాయని ఢిల్లీలోనే చూపించారు డాక్టర్ అనూప్ మిశ్రా, డాక్టర్ సీమా గులాటీ బృందం. షుగర్ అంచున ఉన్న 60 మందిలో ఒక జట్టుకు మూడు నెలలపాటు ప్రతి భోజనానికి అరగంట ముందు 20 గ్రాముల బాదం పప్పు ఇచ్చారు. ఆ జట్టులో దాదాపు 23 శాతం మందికి చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. కాలిఫోర్నియా బాదం బోర్డు నిధులిచ్చిన చిన్న అధ్యయనం అది, కాబట్టి ఆ మేరకే నమ్మాలి. బాదం కొనలేనివారికి గుప్పెడు వేరుశెనగపప్పు, వేయించిన శనగలు, భోజనానికి ముందు ఓ గిన్నె కూర ఉన్నాయి. ముందు కూర, పప్పు తిని, అన్నం ఆఖర్న కొద్దిగా తినడం ఖర్చులేని అలవాటు.

కఠినమైన కీటోకు చోటే లేదా? ఉంది. షుగర్ బయటపడి ఎక్కువ కాలం కాని, బరువు ఎక్కువగా ఉన్న, మూత్రపిండాలు బాగున్న మనిషికి, వైద్యుడు పక్కనుంటే, మూడు నుంచి ఆరు నెలలపాటు అది మంచి చికిత్స కాగలదు. జీవితాంతపు తిండిగా మాత్రం ఎక్కువమంది దాని మీద నిలబడటం కష్టమనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత పిండిపదార్థం 50 శాతం దగ్గర స్థిరపడగలిగితే అదే పెద్ద విజయం. కొవ్వు పెంచదలిస్తే కొబ్బరినూనె తాగడం కన్నా వేరుశెనగ, నువ్వులు, చేపలు, ఆవనూనె వంటివి మేలు.

ఈ వ్యాసం చదివి రేపు పొద్దున్నే ఇడ్లీ మానేద్దామనుకునేవారికి ఒక విన్నపం. మీరు వేసుకునే మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, కొలెస్టరాల్ పరీక్షల కాగితాలతో కలిపి మీ వైద్యుడికి చూపించండి. ఈ మాత్రల్లో ఏవి తగ్గించాలి, ఏవి ఆపాలి అని సూటిగా అడగండి. జవాబు వచ్చాకే మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు రోజూ రెండుసార్లు గ్లూకోమీటర్‌తో చూసుకోండి, మూడు నెలలకు కొలెస్టరాల్ మళ్లీ చేయించుకోండి. వాంతులు, ఆయాసం వస్తే మీటర్ అంకె ఎంతున్నా ఆస్పత్రికి వెళ్లి, మీరు పిండిపదార్థం మానేశారన్న సంగతి, వేసుకుంటున్న మాత్ర పేరు ముందుగా చెప్పండి.